పీఎల్/ఎస్‌క్యూఎల్‌లో అవుట్‌పుట్‌ను తీరుగా చూపించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒరాకిల్ డేటాబేస్‌లో ప్రోగ్రాములు రాసే భాష పీఎల్/ఎస్‌క్యూఎల్. దాన్ని నేర్చుకునేవారికి మొదటి రోజే పరిచయమయ్యేది, ఒక వరుస పాఠ్యాన్ని చూపించడానికి వాడే పుట్_లైన్. ఆ పరిచయం తగువుగా మారడానికి వారం కూడా పట్టదు. రాసిన వాక్యం కనిపించదు, వరుస మొదట్లో పెట్టిన ఖాళీలు మాయమవుతాయి, అంకెలు పక్కకు జరుగుతాయి, ఉన్నట్టుండి తెర నిండా # గుర్తులు వస్తాయి. అవుట్‌పుట్‌ను తయారుచేసేది సర్వర్, తెరపై చూపేది క్లయింట్ (మీ కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్) అన్న సంగతి మనసులో ఉంటే వీటిలో చాలావాటికి జవాబు దానంతట అదే దొరుకుతుంది. కీవర్డ్‌లను ఇక్కడ తెలుగు లిపిలో ఇచ్చాం. ఎడిటర్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి.

పుట్_లైన్ రాశాను. ప్రొసీజర్ విజయవంతంగా పూర్తయిందని చెబుతోంది కానీ తెరపై ఏమీ లేదు. ఎందుకు?

పీఎల్/ఎస్‌క్యూఎల్‌కు తెర లేదు. అది నడిచేది సర్వర్‌లో, మీరు కూర్చున్నది క్లయింట్ ముందు. డీబీఎంఎస్_అవుట్‌పుట్ అనే ప్యాకేజీ చేసే పని పోస్టు డబ్బాలో ఉత్తరం వేయడం లాంటిది. మీ సెషన్‌కు కేటాయించిన మెమరీలో ఒక బఫర్ (తాత్కాలిక నిల్వ) ఉంటుంది, పుట్_లైన్ తన వరుసను అందులో వేసి ఊరుకుంటుంది. డబ్బా తెరిచి ఉత్తరాలు తీయాల్సింది క్లయింటే. ఒరాకిల్ కమాండ్-లైన్ క్లయింట్ అయిన ఎస్‌క్యూఎల్*ప్లస్‌లో ఆ ఏర్పాటు మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, కాబట్టి ముందుగా ‘సెట్ సర్వర్‌అవుట్‌పుట్ ఆన్’ అని ఇవ్వాలి. అప్పటినుంచి ప్రతి బ్లాక్ (ఒకసారిగా నడిపే కోడ్ ముక్క) పూర్తయ్యాక అది బఫర్‌ను ఖాళీ చేసి మీకు చూపిస్తుంది. ఎస్‌క్యూఎల్ డెవలపర్‌లో అయితే వ్యూ మెనూలో ఉన్న డీబీఎంఎస్ అవుట్‌పుట్ ప్యానెల్ తెరిచి, పచ్చని ప్లస్ గుర్తు నొక్కి, మీ కనెక్షన్‌ను ఎంచుకోవాలి.

ఈ ఆదేశం సెషన్‌కే పరిమితం. రోజూ టైప్ చేయడం విసుగనిపిస్తే లాగిన్ స్క్రిప్టులో పెట్టేసుకోండి.

లూప్ గంటసేపు నడుస్తుంది. ‘ఇన్ని వరుసలు పూర్తయ్యాయి’ అని మధ్యమధ్యలో చూపించలేమా?

పుట్_లైన్‌తో చూపించలేం. బ్లాక్ ముగిసి అదుపు క్లయింట్‌కు తిరిగి వచ్చాకే బఫర్ ఖాళీ అవుతుంది. గంట నడిచే ప్రోగ్రామ్ గంట తర్వాత అన్ని వరుసలనూ ఒక్కసారే కుమ్మరిస్తుంది. మధ్యలో కమిట్ చేసినా (మార్పులను ఖాయం చేసినా) ప్రయోజనం లేదు, బఫర్‌కూ ట్రాన్సాక్షన్‌కూ సంబంధమే లేదు. అందుకే రోల్‌బ్యాక్ చేసినా (మార్పులను వెనక్కి తీసుకున్నా) బఫర్‌లోని వరుసలు చెరిగిపోవు. బ్లాక్ లోపంతో ఆగిపోయినా అప్పటిదాకా వేసిన వరుసలు ఎస్‌క్యూఎల్*ప్లస్‌లో కనిపిస్తాయి. ఇది ఒక విధంగా మేలే.

పురోగతి చూడాలంటే డీబీఎంఎస్_అప్లికేషన్_ఇన్ఫో ప్యాకేజీలోని సెట్_యాక్షన్ గానీ సెట్_క్లయింట్_ఇన్ఫో గానీ వాడండి. అక్కడ రాసింది వీ$సెషన్ వ్యూలో వెంటనే కనిపిస్తుంది, మరో సెషన్ నుంచి చూసుకోవచ్చు. వివరాలు భద్రంగా మిగలాలంటే ఒక లాగ్ పట్టిక పెట్టుకుని, అటానమస్ ట్రాన్సాక్షన్‌గా (అసలు పనితో ముడిపడని విడి ట్రాన్సాక్షన్‌గా) ప్రకటించిన చిన్న ప్రొసీజర్‌తో అందులో రాయించడం ఉత్తమం. అసలు పని రోల్‌బ్యాక్ అయినా లాగ్ నిలిచి ఉంటుంది.

పుట్‌కూ పుట్_లైన్‌కూ తేడా ఏమిటి?

పుట్_లైన్ రాసి వరుస ముగిస్తుంది. పుట్ రాస్తుంది కానీ వరుస ముగించదు. ఒకే వరుసను ముక్కలుముక్కలుగా కట్టడానికి అది పనికొస్తుంది. చివర న్యూ_లైన్ పిలవడం మాత్రం మరువకండి. ముగియని వరుసను క్లయింట్ తీసుకోదు, పుట్ ఒక్కదానితో సరిపెట్టిన మాట బయటికే రాదు.

వరుస మొదట్లో నాలుగు ఖాళీలు పెట్టాను. తెరపై ఎడమ అంచుకు అతుక్కుని వస్తోంది.

సర్వర్ మీ ఖాళీలను అలాగే పంపింది, వాటిని తీసేసింది ఎస్‌క్యూఎల్*ప్లస్. సర్వర్‌అవుట్‌పుట్‌కు మూడు ఫార్మాట్లు ఉన్నాయి: వర్డ్_ర్యాప్డ్, ర్యాప్డ్, ట్రంకేటెడ్. ఏదీ చెప్పకపోతే మొదటిది అమల్లోకి వస్తుంది. అది పొడవాటి వరుసను పదాల మధ్య విరిచి, ఒక్కో ముక్కనూ ఎడమకు జరిపి, ముందున్న ఖాళీలన్నీ తీసేస్తుంది. ‘సెట్ సర్వర్‌అవుట్‌పుట్ ఆన్ ఫార్మాట్ ర్యాప్డ్’ అంటే మీరు పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి. ఖాళీ వరుసలు పోతున్నా మందు ఇదే.

దీనితోపాటు లైన్‌సైజ్ కూడా చూసుకోండి. మామూలుగా అది 80 అక్షరాలు. మీ నివేదిక వెడల్పు 120 అయితే ఏ ఫార్మాట్ పెట్టినా ప్రతి వరుసా విరిగిపోతుంది, ట్రంకేటెడ్‌లో అయితే తోక తెగిపోతుంది. చుక్క పెట్టి ఖాళీలను కాపాడుకునే పాత చిట్కా ఇప్పటికీ కొన్ని ప్రోగ్రాముల్లో కనిపిస్తుంది. దాన్ని చూసి నేర్చుకోకండి.

పేరు, విభాగం, జీతం నిలువు వరుసల్లో పొందికగా రావాలి. ఎలా?

ట్యాబ్ అక్షరాన్ని, అంటే సీహెచ్‌ఆర్(9)ని నమ్ముకోవద్దు. ఒక్కో క్లయింట్ దాన్ని ఒక్కో వెడల్పుతో చూపిస్తుంది. నమ్మదగినవి ఆర్‌ప్యాడ్, ఎల్‌ప్యాడ్. పాఠ్యాన్ని ఆర్‌ప్యాడ్‌తో కుడివైపు ఖాళీలు నింపి ఎడమకు, సంఖ్యను ఎల్‌ప్యాడ్‌తో కుడికి సర్దాలి. శీర్షిక కింద గీత కావాలంటే ఆర్‌ప్యాడ్('-', 40, '-') చాలు.

రెండు చోట్ల జారిపోయే ప్రమాదం ఉంది. మొదటిది, వెడల్పు 20 అని ఇచ్చి 26 అక్షరాల పేరు అందిస్తే ఆర్‌ప్యాడ్ చడీచప్పుడు లేకుండా ఆరు అక్షరాలు కోసేస్తుంది. లోపమేమీ రాదు. తెగిన పేరు మరో పేరులా కనిపిస్తే నివేదిక చదివేవారు మోసపోతారు.

రెండోది ఇంకా ఘోరం. విలువ నల్ అయితే, అంటే అసలు విలువే లేకపోతే, ఆర్‌ప్యాడ్ ఫలితం కూడా నల్లే. 20 ఖాళీలు వస్తాయని మీరనుకుంటారు, వచ్చేది శూన్యం. ఒరాకిల్‌లో రెండు నిలువు గీతలతో మాటలను కలిపేటప్పుడు నల్ ఖాళీ మాటగా లెక్క కాబట్టి ఆ గడి మొత్తం అదృశ్యమై, దాని తర్వాత గడులన్నీ ఎడమకు జరుగుతాయి. విభాగం లేని ఉద్యోగి వరుసలో విభాగం కింద జీతం కనబడితే కారణం ఇదే. ఆర్‌ప్యాడ్‌లోకి పంపే ముందే, నల్ స్థానంలో వేరే విలువ ఇచ్చే ఎన్‌వీఎల్‌తో ఒక ఖాళీనో గీతనో పెట్టండి: ఆర్‌ప్యాడ్(ఎన్‌వీఎల్(విభాగం, '-'), 20). ఒరాకిల్‌కు రెండు కోట్ గుర్తుల మధ్య ఏమీ లేకపోయినా నల్లే, కాబట్టి ఎన్‌వీఎల్‌లో ఖాళీ కోట్లు పెడితే పని జరగదు. వాటి మధ్య కనీసం ఒక ఖాళీ ఉండాలి.

ఇంగ్లిష్ పేర్లు బాగానే వస్తున్నాయి. తెలుగు పేర్లు వచ్చిన వరుసలే వంకరపోతున్నాయి.

పోతాయి. ‘తెలుగు’ అన్న మాటనే చూడండి. కంటికి మూడు అక్షరాలు. లెంగ్త్ ఫంక్షన్ మాత్రం 6 అంటుంది. త, ఎత్వం, ల, ఉ కొమ్ము, గ, మళ్లీ కొమ్ము, ఇలా గుణింతపు గుర్తును యూనికోడ్ విడి అక్షరంగా లెక్కిస్తుంది. బైట్ల లెక్కలో లెంగ్త్‌బీ అడిగితే ఏఎల్32యూటీఎఫ్8 (యూనికోడ్) డేటాబేస్‌లో 18 వస్తుంది, ఎందుకంటే ఒక్కొక్కటీ మూడు బైట్లు. ఒత్తులున్న మాటల్లో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. పైగా తెలుగు ఫాంట్లలో అక్షరాలన్నీ ఒకే వెడల్పులో ఉండవు. ఖాళీలు లెక్కపెట్టి నిలువు వరుసలు సర్దడం ఇక్కడ సాగదు.

నా సలహా సూటిగా చెబుతాను: తెలుగు పాఠ్యం ఉన్న నివేదికను ఖాళీలతో సర్దే ప్రయత్నం మానేయండి. తెలుగు గడిని వరుస చివర పెడితే ముందున్న అంకెలన్నీ కుదురుగా ఉంటాయి. అది కుదరకపోతే హెచ్‌టీఎంఎల్ పట్టికగానో సీఎస్‌వీగానో ఇవ్వండి, వెడల్పుల సంగతి బ్రౌజరో స్ప్రెడ్‌షీటో చూసుకుంటుంది. అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు వస్తుంటే అది సర్దుబాటు సమస్య కాదు. క్లయింట్ వైపు ఎన్‌ఎల్‌ఎస్_ల్యాంగ్‌లో క్యారెక్టర్ సెట్ ఏఎల్32యూటీఎఫ్8గా ఉందో లేదో చూడండి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో అయితే ‘సీహెచ్‌సీపీ 65001’ అనే ఆదేశం కూడా అవసరం.

0.5 అని రావాల్సింది .5 అని వస్తోంది. సంఖ్యలను సరిగ్గా చూపడం ఎలా?

సంఖ్యను నేరుగా మాటతో కలిపితే ఒరాకిల్ తనకు తోచినట్టు మారుస్తుంది. ముందున్న సున్నాను తీసేయడం అందులో భాగం. మార్పిడిని దానికి వదిలేయకుండా టూ_చార్‌తో మీరే చేయండి. టూ_చార్‌కు ఇచ్చే మాస్క్‌లో (రూపం ఎలా ఉండాలో చెప్పే మూసలో) 9 అంటే ‘అంకె ఉంటే చూపు, లేకపోతే ఖాళీ’, 0 అంటే ‘అంకె లేకపోయినా సున్నా చూపు’. 1234.5ను '99,999.00' మాస్క్‌తో చూపితే 1,234.50 వస్తుంది, దాని ముందు రెండు ఖాళీలు ఉంటాయి. ఒకటి వాడని 9 స్థానం, మరొకటి మైనస్ గుర్తు కోసం ఎప్పుడూ కేటాయించే స్థానం. మాస్క్‌లో తొమ్మిది స్థానాలుంటే ఫలితం పది అక్షరాలు అన్నమాట. నిలువు వరుసల్లో ఇది వరమే, అంకెలన్నీ వాటంతటవే కుడివైపు సర్దుకుంటాయి. ఎల్‌ప్యాడ్ అవసరమే ఉండదు.

అదే సంఖ్య వాక్యం మధ్యలో వస్తే ఆ ఖాళీలు ఎబ్బెట్టుగా ఉంటాయి. అప్పుడు మాస్క్ ముందు ఎఫ్ఎం చేర్చండి. అయితే ఎఫ్ఎం అదనపు ఖాళీలతో ఆగదు, చివర 9 స్థానాల్లో వచ్చే సున్నాలనూ తీసేస్తుంది. 'ఎఫ్ఎం999.99' మాస్క్‌తో 12ను చూపితే వచ్చేది ‘12.’, చివర ఒంటరి చుక్కతో. 'ఎఫ్ఎం990.00' అని రాస్తే 12.00 వస్తుంది, 0.5 కూడా 0.50గా వస్తుంది. దశాంశ బిందువుకు ముందు ఒక 0, తర్వాత అన్నీ 0లు: డబ్బు లెక్కలకు ఈ పద్ధతి అలవాటు చేసుకుంటే మళ్లీ తిరిగి చూడనక్కరలేదు.

రుణ (మైనస్) సంఖ్యలను ఖాతాల పద్ధతిలో చూపాలంటే మాస్క్ చివర పీఆర్ పెట్టండి, < > గుర్తుల మధ్య వస్తాయి. ఎంఐ పెడితే మైనస్ చివర వస్తుంది. కామా, చుక్కలకు బదులు జీ, డీ అక్షరాలు వాడితే సెషన్‌లోని ఎన్‌ఎల్‌ఎస్_న్యూమరిక్_క్యారెక్టర్స్ ప్రకారం గుర్తులు మారతాయి. జర్మనీ సెట్టింగులున్న సెషన్‌లో 1.234,50 అని వస్తుంది. ఒకే మాస్క్‌లో ఈ రెండు పద్ధతులను కలపకూడదు.

సంఖ్య బదులు ########## వస్తోంది. డేటా చెడిపోయిందా?

లేదు, మాస్క్ చాలలేదు. '99,999.00'లో లక్ష పట్టదు. తెగిన అంకెలు చూపడం కంటే అసలేమీ చూపకపోవడమే మేలని ఒరాకిల్ భావిస్తుంది, ఆ విషయంలో దానిదే ఒప్పు. టూ_చార్ సంఖ్యను కత్తిరించదు, గుండ్రం చేస్తుంది. అందువల్ల ఒక చిత్రమైన సందర్భం ఉంది. 99,999.99 హాయిగా కనిపిస్తుంది, 99999.996 మాత్రం గుండ్రమై లక్ష అయి # గుర్తులుగా మారుతుంది. మాస్క్ ఎప్పుడూ ఒకటి రెండు స్థానాలు వెడల్పుగానే రాయండి.

సమయం 10:42 కావాల్సింది 10:07 అని వస్తోంది. రోజంతా అదే నిమిషం!

ఎంఎం అంటే నెల, ఎంఐ అంటే నిమిషం. జులైలో రోజంతా 07 వస్తూనే ఉంటుంది. సరైన మాస్క్ 'డీడీ-ఎంఎం-వైవైవైవై హెచ్‌హెచ్24:ఎంఐ:ఎస్ఎస్'. ఇందులో 24 మరిచిపోతే మధ్యాహ్నం రెండు, తెల్లవారుజాము రెండు ఒకేలా కనిపిస్తాయి.

నెల పేరు కోసం మంత్ అని రాస్తే పేరు తర్వాత బోలెడు ఖాళీలు వస్తాయి. ఆ భాషలోని అతి పొడవైన నెల పేరుకు సరిపడా వెడల్పు నింపడం ఒరాకిల్ పద్ధతి, ఇంగ్లిష్‌లో సెప్టెంబర్ వల్ల అది 9 అక్షరాలు. ఎఫ్ఎం పెడితే ఖాళీలు పోతాయి కానీ, దాని తర్వాత వచ్చే ప్రతి భాగంలోనూ ముందు సున్నా కూడా పోతుంది. తొమ్మిది గంటల అయిదు నిమిషాలు 9:5 అవుతుంది. ఎఫ్ఎం ఒక స్విచ్ లాగా పనిచేస్తుంది, రెండోసారి రాస్తే ఆగిపోతుంది. కాబట్టి నెల పేరు ముందు ఒకసారి, గంటల ముందు మరోసారి రాస్తే రెండూ సక్రమంగా వస్తాయి.

మాస్క్ ఇవ్వకుండా తేదీని పుట్_లైన్‌కు ఇస్తే ఎన్‌ఎల్‌ఎస్_డేట్_ఫార్మాట్ ప్రకారం వస్తుంది. అది మీ యంత్రంలో ఒకలా, పక్కవారి యంత్రంలో ఇంకోలా ఉండొచ్చు.

సీ భాషలోని ప్రింట్‌ఎఫ్ లాంటిది ఏదైనా ఉందా?

అచ్చంగా అలాంటిది లేదు. యూటీఎల్_ఎల్‌ఎంఎస్ ప్యాకేజీలోని ఫార్మాట్_మెసేజ్ కొంత దగ్గరగా వస్తుంది. ఒక మూస వాక్యంలో %s, %d గుర్తుల స్థానంలో విలువలు చేరుస్తుంది. (ఆ రెండు గుర్తులు ఉన్నవి ఉన్నట్టే రాయాలి.) వెడల్పు, దశాంశ స్థానాలు చెప్పే వీలు లేదు, కాబట్టి సంఖ్యలను ముందే టూ_చార్‌తో మాటగా మార్చి %sకు ఇవ్వండి. యూటీఎల్_ఫైల్‌లోని పుట్‌ఎఫ్ కూడా ఇలాంటిదే, అయిదు విలువల దాకా తీసుకుంటుంది. కానీ అది రాసేది సర్వర్‌లోని ఫైలులోకి, మీ కంప్యూటర్‌లోకి కాదు.

పాఠ్యంలో కోట్ గుర్తు, & గుర్తు వస్తే ఇబ్బంది అవుతోంది.

ఒంటి కోట్‌ను రెండుసార్లు రాస్తే ఒకటిగా కనిపిస్తుంది. అలా రాసింది చదవడం కష్టం కాబట్టి ఒరాకిల్ 10జీ వెర్షన్ నుంచి ఉన్న క్యూ-కోట్ పద్ధతి వాడండి: క్యూ అక్షరం, కోట్, చదరపు బ్రాకెట్, మీ పాఠ్యం, మూసే బ్రాకెట్, కోట్. లోపల ఎన్ని కోట్లున్నా పట్టించుకోదు. & గుర్తు చూడగానే ఎస్‌క్యూఎల్*ప్లస్ అది చరరాశి అనుకుని విలువ అడుగుతుంది. ‘సెట్ డిఫైన్ ఆఫ్’ అంటే మానేస్తుంది.

బూలియన్ విలువను పుట్_లైన్‌కు ఇస్తే పీఎల్ఎస్-00306 వస్తోంది.

21సీ వరకు పుట్_లైన్ బూలియన్ (నిజం/అబద్ధం విలువ) తీసుకోదు. కేస్‌తో ‘అవును’, ‘కాదు’ అని మార్చి ఇవ్వండి. నల్ అయితే ఏం చూపాలో మూడో కొమ్మగా రాయడం మరువకండి.

బఫర్ నిండిందని ఓఆర్‌యూ-10027 లోపం వచ్చింది.

10జీ రెండో విడుదలకు ముందు బఫర్ గరిష్ఠంగా 10,00,000 బైట్లు, ఒక్కో వరుస 255 బైట్లు. ఆ తర్వాత బఫర్‌కు పరిమితి లేకుండా పెట్టుకునే వీలు, వరుసకు 32,767 బైట్లు వచ్చాయి. కొత్త వెర్షన్‌లోనూ 20,000 దగ్గరే ఆగిపోతుంటే, కోడ్‌లో ఎక్కడో ఎవరో విలువ ఇవ్వకుండా ఎనేబుల్ (డీబీఎంఎస్_అవుట్‌పుట్‌లో బఫర్‌ను తెరిచే ప్రొసీజర్) పిలిచారన్నమాట. ఎనేబుల్ మామూలు విలువ 20,000, చివరిగా పిలిచినవారి మాటే చెల్లుతుంది. దాన్ని తీసేయండి, లేదా ఎనేబుల్(నల్) అని మార్చండి.

ఓఆర్‌యూ-10028 అయితే ఒకే వరుస మరీ పొడవైంది. పెద్ద సీలాబ్‌ను (చాలా పొడవాటి పాఠ్యం దాచే రకం) చూపాలంటే డీబీఎంఎస్_లాబ్.సబ్‌స్ట్ర్‌తో ముక్కలు చేసి లూప్‌లో ఇవ్వాలి. పరిమితి బైట్లలో ఉంది, ముక్కలు అక్షరాల్లో కొలుస్తాం. తెలుగులో 32,767 బైట్లకు 10,922 అక్షరాలకు మించి పట్టవు. 8,000 చొప్పున తీసుకుంటే ఏ భాషలోనైనా నిశ్చింత. వీలైతే వరుస ముగింపు గుర్తు సీహెచ్‌ఆర్(10) దగ్గర విరవండి, మాట మధ్యలో తెగదు.

నివేదికలన్నీ పుట్_లైన్‌తోనే చేయడం మంచి పద్ధతేనా?

కాదు. లూప్ పెట్టి, ఒక్కో వరుసనూ చేత్తో అల్లే నివేదికల్లో చాలాభాగం ఒక సెలెక్ట్‌తో తేలిపోయేవే. ఎస్‌క్యూఎల్*ప్లస్‌లో ‘కాలమ్’ ఆదేశం శీర్షికనూ మాస్క్‌నూ చూసుకుంటుంది. ‘బ్రేక్ ఆన్’ ఒకే విభాగం పేరు పదేపదే రాకుండా ఆపుతుంది. ‘కంప్యూట్ సమ్’ ఆ విభాగం మొత్తాన్ని కింద వేస్తుంది. ‘స్పూల్’ దాన్ని ఫైలులోకి పంపుతుంది, ఈ ఫైలు మాత్రం మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది. 12.2 నుంచి ‘సెట్ మార్కప్ సీఎస్‌వీ ఆన్’ ఉంది కాబట్టి కామాలు చేత్తో కలిపే శ్రమ కూడా పోయింది. కామా ఉన్న పేరుకు కోట్లు అదే చుడుతుంది, చేత్తో రాసేవారు సరిగ్గా అక్కడే తడబడతారు. పుట్_లైన్‌ను పరీక్షలకు, చిన్న స్క్రిప్టులకు ఉంచుకోండి.

పోస్ట్‌గ్రెస్‌లో, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో, మైఎస్‌క్యూఎల్‌లో దీనికి సమానమైనవి ఏమిటి?

పోస్ట్‌గ్రెస్‌లో రెయిజ్ నోటీస్. వాక్యంలో % ఉన్న చోటల్లా వరుసగా విలువలు చేరతాయి, నల్ అయితే <నల్> అని స్పష్టంగా కనిపిస్తుంది. అది బ్లాక్ ముగిసేదాకా ఆగదు, అప్పటికప్పుడే క్లయింట్‌కు చేరుతుంది. నోటీసులు కనిపించకపోతే క్లయింట్_మిన్_మెసేజెస్ చూడండి. అక్కడి ఫార్మాట్ ఫంక్షన్‌లో %20s, %-20s అని వెడల్పు కూడా ఇవ్వొచ్చు. రెండు నిలువు గీతలతో నల్‌ను కలిపితే మాత్రం మాట మొత్తం నల్ అవుతుంది, ఒరాకిల్ అలవాటుతో వచ్చినవారు ఇక్కడే బోల్తా పడతారు.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ప్రింట్ ఉంది. మామూలు పాఠ్యం 8,000, యూనికోడ్ పాఠ్యం 4,000 అక్షరాలు దాటితే మిగిలినది తెగిపోతుంది. తెలుగు వాక్యం ముందు ఎన్ అక్షరం పెట్టకపోతే ప్రశ్నార్థకాలు వచ్చే అవకాశం ఉంది. వెంటనే కనిపించాలంటే తీవ్రత 0తో రెయిజ్‌ఎర్రర్ రాసి ‘విత్ నోవెయిట్’ చేర్చాలి. ఫార్మాట్ ఫంక్షన్ 2012 వెర్షన్‌తో వచ్చింది, సొగసైనదే కానీ నెమ్మది. లక్షల వరుసలున్న చోట కన్వర్ట్ మేలు.

మైఎస్‌క్యూఎల్ ప్రొసీజర్లలో ప్రింట్ లాంటిదే లేదు. చూపాలనుకున్నది సెలెక్ట్‌తో చూపాలి. తేదీలకు డేట్_ఫార్మాట్ వాడేటప్పుడు నిమిషాల గుర్తు %i అని గుర్తుంచుకోండి.

జావా ప్రోగ్రామ్ నుంచి ప్రొసీజర్ పిలిస్తే పుట్_లైన్ వరుసలు ఎక్కడికి పోతున్నాయి?

జావా వైపు ఎవరూ ఎనేబుల్ పిలవకపోతే ఎక్కడికీ పోవు, అసలు బఫర్‌లోకే రావు. కనెక్షన్ తీసుకోగానే ఎనేబుల్, ప్రొసీజర్ ముగిశాక గెట్_లైన్స్ పిలిచి వరుసలు తెచ్చుకోవాలి. కనెక్షన్ పూల్ (కనెక్షన్లను పలువురు పంచుకునే ఏర్పాటు) ఉంటే ఈ మూడు పనులూ ఒకే కనెక్షన్ మీద జరిగేలా చూసుకోండి, లేకపోతే ఒకరి వరుసలు ఇంకొకరికి చేరతాయి.